మేకల్ని పిలిచే కంప్యూటర్

కంప్యూటర్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చి నిలబడిపోయాయి. ఇన్‌స్టలేషన్ డిస్కు పెట్టి మళ్లీ మొదలుపెట్టాలట, లేకపోతే తాను లేవదట. ఆపి మళ్లీ వేశాను. అవే అక్షరాలు. తీగలన్నీ పీకి, చివరలు ఊది, మళ్లీ గుచ్చాను. అవే అక్షరాలు. నా వెనక గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. బయట మబ్బు దిగిపోతోంది. మేకలింకా కొండ మీదే ఉన్నాయి.

మేకలకీ కంప్యూటర్‌కీ ఏం సంబంధమని అడిగేవాళ్లకి మొత్తం చెప్పాల్సిందే. మా అమ్మ గొంతు ఆ పెట్టెలో ఉంది. ఇంకెక్కడా లేదు.

మా ఊరు సాలూరు మీది కొండల్లో ఉంది. మేం జాతాపు గిరిజనులం. కింది ఊరి బడిలో నేను టీచర్ని. నాన్న ఎప్పుడో పోయాడు. ఇంట్లో నేనూ, అమ్మా, అమ్మ మేకలూ. అమ్మకి అడ్డచుట్ట అలవాటు. మా వైపు పెద్ద ఆడవాళ్లలో చాలామందికి ఉంది. చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుంటారు. అప్పుడు వాన పడినా, గాలి కొట్టినా, రెండు చేతులూ కలుపు తీయడంలో ఉన్నా చుట్ట ఆరదు. చిన్నప్పుడు నేనది గొప్ప విద్య అనుకునేదాన్ని. పెద్దయ్యాక మానెయ్యమని పోరు పెట్టాను. "నీ బడి పిల్లలకి సెప్పుకో" అనేది.

అంగిలి మీద లేచిన పుండు ఎంతకీ మానకపోతే విశాఖలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అంగిలి తీసెయ్యాలన్నారు డాక్టరు. ప్రాణానికి ఫరవాలేదు గానీ మాట ఇదివరకటిలా ఉండదన్నారు. ప్రాణానికి ఫరవాలేదన్న చోటే నా చెవులు ఆగిపోయాయి. ఆ తర్వాతి సగం ఇంటికొచ్చి అన్నం తింటుంటే వినిపించింది.

ఆపరేషన్‌కి ఇంకా కొన్నాళ్లు గడువుంది. ఆ సాయంత్రాల్లో ఫోన్ అమ్మ ముందు పెట్టి మాట్లాడమనేదాన్ని.

"ఏటి మాటాడాల?"

"ఏదో ఒకటి మాటాడమ్మా."

"ఏదో ఒకటంటే ఏటే? పనీపాటా లేదేటి నీకు? సామలు దంచాల, మేకల్ని కట్టాల."

అంటూనే మాట్లాడింది. పక్కింటావిడ మీద ఫిర్యాదులు చెప్పింది. పనసపిక్కల కూరలో పులుపు ఎప్పుడు వెయ్యాలో చెప్పింది. నేను పుట్టినప్పుడు గెడ్డ పొంగి మంత్రసాని రాలేక అవతలి ఒడ్డు నుంచే ఏం చెయ్యాలో అరిచి చెప్పిందట, ఆ కథ చెప్పింది. ఫోన్ సరిగ్గా పట్టుకోలేదని నన్ను తిట్టిన తిట్లు కూడా ఉన్నాయి. ఇక ఆఖర్న, ఒక సాయంత్రం పెరటి చివర నిలబడి మేకల్ని పిలుస్తుంటే తనకి తెలియకుండా వెనక నుంచి రికార్డు చేశాను.

మా కొండల్లో ఎవరి కేక వాళ్లది. ఎదురు గుట్ట మీద చేలో ఉన్న మనిషికి ఫోన్ అందదు, కేక అందుతుంది. మా అమ్మ కేక కింద నుంచి సన్నగా లేచి, పైపైకి వెళ్లి, చివర రెండుగా విరుగుతుంది. ఆ విరుపు ఇంకెవరికీ రాదు. మేకలు దానికే వస్తాయి. నేను పిలిస్తే రావు. ఎన్నిసార్లు ప్రయత్నించి భంగపడ్డానో మాత్రం చెప్పను, మేకల దగ్గరైనా టీచరుకి కాస్త పరువుండాలి కదా.

ఆపరేషన్ అయ్యాక అమ్మ మాట ముక్కులోంచి రావడం మొదలైంది. ఏ అక్షరం ఏదో తెలిసేది కాదు. గంజి తాగినా ముక్కులోంచి కారేది. అంగిలి తీసిన గొయ్యికి అడ్డంగా పెట్టుకోవడానికి ఆసుపత్రిలో బిళ్ల ఇచ్చారు గానీ, ఒరుసుకుంటోందని పెట్టుకునేది కాదు. కాస్త కోలుకున్నాక సంతకి వెళ్దామంటే సంబరంగా బయల్దేరింది. అక్కడ ఉప్పుచేపల దగ్గర ఏదో అడిగింది. అమ్మే మనిషికి అర్థం కాలేదు. మళ్లీ అడిగింది. పక్కన నిలబడ్డ ఎవరో ఆ గొంతుని అనుకరించి నవ్వారు. ఎవరో చూడలేదు, చూసుంటే ఆ రోజు సంతలో పెద్ద గొడవే జరిగేది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది. ఆ పూట నుంచి నా దగ్గర కూడా నోరు విప్పలేదు. అన్నీ సైగలే.

మేకల్ని పిలిచే దిక్కు లేకుండా పోయింది. బడి నుంచి వచ్చి గుట్టెక్కి ఒక్కోదాన్నీ తోలుకు రావడం నా పనైంది. ఒకరోజు కాళ్లు పీకేసి, విసుగొచ్చి, కంప్యూటర్ స్పీకర్ని గుమ్మంలో పెట్టి, రికార్డు చేసిన ఆ కేక పెద్దగా వినిపించాను. మేకలు తలలెత్తాయి. తర్వాత బిలబిలా దిగొచ్చి, స్పీకర్ చుట్టూ చేరి వాసన చూశాయి. పోతుమేక దాన్ని కొమ్ముతో పొడిచి కింద పడేసింది. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి నవ్వింది. ఆపరేషన్ తర్వాత నేను చూసిన మొదటి నవ్వు అది.

ఇక అదే మా ఇంటి పద్ధతైపోయింది. మీట నొక్కి మేకల్ని పిలిచే ఇల్లు ఏజెన్సీ మొత్తం మీద మాదొక్కటే అయి ఉంటుంది. మేకలు దొడ్లో చేరాక అమ్మ స్టూలు లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చునేది. మిగిలినవి పెట్టమని వేలితో చూపించేది. తను చెప్పిన ఫిర్యాదులు తనే విని, అవునవునని తలూపేది. నన్ను తిట్టే చోటు రాగానే నా వైపు తిరిగి, వింటున్నావా అన్నట్టు చూసేది. ఆ కాసేపూ మా ఇల్లు మళ్లీ మా ఇల్లులా ఉండేది.

ఫోన్‌లో జాగా చాలక అవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫోన్‌లోవి తుడిచేశాను. ఇంకో చోట కూడా దాచుకోవాలని తెలియదా అంటే తెలుసు. పిల్లలకి చెప్పేదాన్ని కూడా. చేద్దాంలే అనుకుంటూ ఉండగానే వానాకాలం వచ్చింది, కరెంటు పోతూ వస్తూ ఆడుకుంది, పెట్టె పడుకుంది.

డిస్కు ఉందన్న ధైర్యంతోనే ఆ సాయంత్రం నేను ఏడవలేదు. ఆ కంప్యూటర్‌ని పార్వతీపురంలో మరో టీచరు గారు తను వాడుకుని నాకు అమ్మారు. దాంతోపాటు కాగితపు కవరులో ఒక డిస్కు ఇచ్చి, ఎప్పుడైనా మొరాయిస్తే ఇదే మందు, పారెయ్యకండి అన్నారు. నా చేతిలో వస్తువు నిలవదు. అందుకే ఇంటికి రాగానే అమ్మకిచ్చాను. నా సర్టిఫికెట్లు దాచిందీ, ఆధార్ కార్డులు దాచిందీ అమ్మే. "ఇది పోతే పెట్టె పోయినట్టేనమ్మా, విత్తనాలు ఎలగ దాస్తావో అలగ దాయి" అని గట్టిగా చెప్పాను. ఇదంతా ఆపరేషన్‌కి చాలా ముందు మాట.

"అమ్మా, అప్పుడిచ్చిన డిస్కు ఎక్కడెట్టావు?" అని అడిగాను.

అమ్మ ముఖం వెలిగింది. తను పనికొచ్చే సమయం వచ్చిందన్నట్టు చరచరా వంటింట్లోకి నడిచి, చెయ్యెత్తి చూపించింది. పొయ్యి మీద, వాసాల కింద, మసి పట్టి నల్లగా నిగనిగలాడే అటక వైపు.

ఆ సెగకి ప్లాస్టిక్ ఏమై ఉంటుందో అనుకుంటూ పీట లాక్కున్నాను.

మా ఇళ్లలో విత్తనాల కన్నా విలువైంది లేదు. పొయ్యి మీది అటక కన్నా భద్రమైన చోటు లేదు. రోజూ పొగ తగిలితే పురుగు పట్టదు, వెచ్చదనానికి చెమ్మ చేరదు. మొక్కజొన్న కంకులు, చోళ్లు, సామలు, ఆనపకాయ బుర్రల్లో చిక్కుడు గింజలు, అన్నీ అక్కడే. ఆకలికి మాడినా విత్తనాల బుట్టలో చెయ్యి పెట్టరు. అమ్మ ఆ డిస్కుని తనకి తెలిసినంతలో అన్నిటికన్నా గొప్ప చోట పెట్టింది.

పీటెక్కి బుట్ట దించాను. పైన పేడతో అలికి ఉంది. పగలగొట్టి చోళ్లలో చెయ్యి పెడితే అడుగున తగిలింది. కాగితపు కవరు గోధుమరంగుకి తిరిగి చేతిలోనే పొడైపోయింది. డిస్కు అప్పడంలా ఒక వైపు లేచిపోయి ఉంది. అద్దంలా మెరవాల్సిన వైపు జిడ్డు మసి.

నేను నోరు తెరిచేలోపే అమ్మ దాన్ని నా చేతిలోంచి లాక్కుంది. పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తీసి, చింతపండు కలిపి, ఇత్తడి చెంబు తోమినట్టు తోమబోయింది.

"తోమకే అమ్మా! గీతలడిపోతాయి! వొగ్గెయ్!"

అంత గట్టిగా అరుస్తానని నాకే తెలియదు. అమ్మ చేతులు ఆగిపోయాయి. మెత్తటి పాత గుడ్డ తడిపి, డిస్కుని ఒళ్లో పెట్టుకుని, పసిపిల్ల ముఖం తుడిచినట్టు తుడిచాను. మసి పోయింది, వంకర పోలేదు. బరువైన పుస్తకాల కింద పెట్టాను. కాసేపాగి కంప్యూటర్‌లో పెడితే లోపల ఏదో గీరుకుంటున్న చప్పుడు వచ్చింది. నేను దేవుడా దేవుడా అంటూ తెర వైపే చూశాను. పెట్టె దాన్ని బయటికి తోసేసింది. మళ్లీ పెట్టాను, మళ్లీ తోసేసింది. నల్లటి తెర మీద అవే తెల్లటి అక్షరాలు.

అమ్మ నా భుజం తట్టి, అరచెయ్యి తిప్పి అడిగింది. ఏమైంది?

"పాతదైపోయింది. దానికి కాలం చెల్లిపోయింది, అంతే" అన్నాను.

అమ్మకి అబద్ధాలు తెలుస్తాయి. అటక వైపు చూసింది, డిస్కు వైపు చూసింది. తర్వాత అరచేత్తో తన నుదురు కొట్టుకుంది, మళ్లీ కొట్టుకుంది. చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ రాత్రి గంజి ముట్టలేదు. నేనూ బతిమాలలేదు, నాకూ కోపంగానే ఉంది. ఎవరి మీదో తెలియని కోపం. నడ్డి విరిగేలా మేకల్ని తోలుకొచ్చి, తడి బట్టల్తోనే పడుకున్నాను.

పొద్దున్నే సిగ్నల్ అందే గట్టు దాకా నడిచి, సాలూరులో ఒక కంప్యూటర్ షాపుకి ఫోన్ చేశాను. డిస్కు తమ దగ్గరుందని, పట్టుకొచ్చెయ్యమని అన్నాడు అతను. లోపలున్నవి పోకూడదని, నాకు అవే ముఖ్యమని, పెట్టె పోయినా ఫరవాలేదని చెప్పాను. "అలగే మేడమ్, తెండి" అన్నాడు. ఆ మాట పట్టుకుని బడికి సెలవు పెట్టాను.

అమ్మ కూడా బయల్దేరింది. వద్దన్నా వినలేదు. జీపు పైన తాడుతో కడతానన్నాడు డ్రైవరు. అమ్మ ఒప్పుకోలేదు. పెట్టెని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ వేసి కూర్చుంది. మలుపు మలుపుకీ దాని మీదకి వంగిపోయేది. దారిలో అమ్మకి మెల్లగా చెప్పాను.

"ఇందులో రెండు దార్లుంటాయమ్మా. ఒకటి బాగుసేసేది. ఇంకోటి మొత్తం తుడిసేసి కొత్తగా ఎక్కించేది. ఆళ్లకి రెండోదే సులువు. నేను పక్కనుండి సెప్పేదాకా దీన్ని ఎవుల్నీ ముట్టుకోనియ్యకు."

అమ్మ గట్టిగా తలూపింది.

షాపు బస్టాండుకి దగ్గర్లోనే ఉంది. లోపల గోడ వారగా జబ్బు పడ్డ పెట్టెలు వరసగా ఉన్నాయి. షాపతను భోజనానికి వెళ్లాడని పక్క దుకాణం వాళ్లు చెప్పారు. బల్ల మీద అమ్మ తన పెట్టె పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ముఖం పీక్కుపోయి ఉంది. ముందు రోజు నుంచి కడుపులో ఏమీ లేదు. నమిలేవి తినలేని మనిషి కాబట్టి, రోడ్డుకి అవతల టీ బండి దగ్గర పాలు తీసుకొస్తానని చెప్పి వెళ్లాను. పాలు మరిగే దాకా నిలబడ్డాను. వేడిగా తాగలేదని, రెండు గ్లాసుల్లో అటూ ఇటూ పోయించి చల్లార్పించాను. షాపు కనబడుతూనే ఉంది, మధ్యలో ఒక లారీ ఆగేదాకా.

పాల గ్లాసుతో లోపలికి అడుగుపెట్టేసరికి మా పెట్టెకి తీగలు గుచ్చి ఉన్నాయి. తెర నీలంగా వెలుగుతోంది. ఒక గీత చివరిదాకా నిండుతోంది.

"వచ్చారా మేడమ్. అయిపోయినట్టే. ఇంక కొత్తదానిలాగ పరిగెడతాది" అన్నాడతను సంతోషంగా.

"లోపలున్నవి?"

"లోపలేటున్నాయి? మొత్తం ఫార్మాట్ కొడితేగాని ఎక్కదు కదండి."

"ఫోన్‌లో చెప్పాను కదండీ! ఒకటికి పదిసార్లు చెప్పాను కదండీ!"

అతని ముఖంలో రంగు పోయింది. "అది మీరేనా? ఎంతమంది ఫోన్ సేత్తారండి నాకు. పెద్దావిణ్ని అడిగాను, ఎక్కించేమంటారా అని. చెయ్యి ఇలగ ఇలగ ఊపిందండి. చొక్కా పట్టుకుని లాగింది. బేగి చెయ్యమంటందేమో అనుకున్నాను. నోరు తెరిచి ఒక్క మాటన్లేదు మేడమ్, ఒట్టు."

అమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. రెండు చేతులతో కొంగుని నోటికి అదిమి పట్టుకుంది. కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కళ్లని చూశాక, ఏం పోయిందో అమ్మకి విడిగా చెప్పాల్సిన పని లేదని తెలిసింది.

"ఒక్క కేక ఎయ్యలేకపోయావేటే అమ్మా? నేను రోడ్డుకి అవతలే ఉన్నాను కదే! ఏదో ఒక సప్పుడు సేత్తే పరిగెట్టుకొచ్చీదాన్ని కదే!"

రోడ్డు మీద మనుషులు ఆగి చూస్తున్నారు. నాకు సిగ్గు వెయ్యలేదు. అమ్మ మెల్లగా కొంగు తీసింది. నా వైపు ఒక అడుగు వేసి, నోరు తెరిచి, లోపలి గొయ్యి చూపించింది. రోజూ ఉప్పునీళ్లతో ఆ గొయ్యి కడిగేది నేనే. అయినా నేనెప్పుడూ చూడనట్టు చూపించింది. తర్వాత మళ్లీ కప్పేసుకుంది. పాల గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

షాపతను చెడ్డవాడు కాదు. ఆ రోజు ఇంకో పని ముట్టుకోలేదు. తుడిచిపెట్టుకుపోయినవి ఒక్కోసారి వెతికితే దొరుకుతాయని, ఏవేవో ఎక్కించి చీకటి పడేదాకా వెతికాడు. దొరికాయి కూడా. ఎవరివో పెళ్లి ఫోటోలు, సగం చెడిపోయిన ప్రశ్నపత్రాలు, ఒక పాపకి అన్నం తినిపిస్తున్న బొమ్మలు. నాకన్నా ముందు ఆ కంప్యూటర్ వాడిన టీచరు గారివి. ఆయనకి అక్కర్లేక వదిలేసుకున్నవన్నీ వచ్చాయి. ఒక్కో బొమ్మ వచ్చినప్పుడల్లా అమ్మ ఆశగా ముందుకి వంగేది. అమ్మ గొంతు ఉన్న ఫైళ్లు రాలేదు. రావని అతను చెప్పలేక, నా వైపు చూడకుండా కుర్చీ వెనక్కి జరిపాడు.

తిరుగు జీపులో పెట్టెని అమ్మ ఒళ్లో పెట్టుకోలేదు. కాళ్ల దగ్గర పెట్టాం. ఇంటికొచ్చి ఆన్ చేస్తే అతను చెప్పినట్టే చిటికెలో లేచింది. పచ్చటి మైదానం బొమ్మ వచ్చింది. అంత శుభ్రమైన తెరని నేను ఇంకెప్పుడూ చూడలేదు. స్విచ్ ఆపి, పైన గుడ్డ కప్పేశాను. దాన్ని గెడ్డలో పడెయ్యాలనిపించింది.

మర్నాడు బడి నుంచి వచ్చి అమ్మకి జావ కాస్తున్నాను. అది దించి మేకల కోసం గుట్టెక్కాలని అనుకుంటుండగా పెరటి చివర నుంచి ఒక చప్పుడు వచ్చింది. ఏదో జంతువు దెబ్బ తిందనుకున్నాను. గాలి ముక్కులోంచి తోసుకొచ్చే చప్పుడు. కింద నుంచి లేవబోయి, లేవలేక కూలబడింది. ఆగింది. మళ్లీ వచ్చింది.

తలుపులోంచి చూశాను. అమ్మ కొంగు నడుముకి దోపుకుని, కొండ వైపు తిరిగి, నోరు బారెడు తెరిచి నిలబడి ఉంది. పక్కిళ్లవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. ఎవరి పిల్లలో నవ్వారు, ఎవరో కసిరారు. అమ్మ అటు చూడలేదు. చేతులు రెండూ పిడికిళ్లు బిగించి, ఒళ్లంతా బలం పెట్టి మళ్లీ పిలిచింది.

ఆ గొంతు ఈ గొంతు కాదు. ఆ విరుపు లేదు, ఆ సన్నదనం లేదు. రెండూ ఒకటేలే అని ఎవరైనా నన్ను ఓదార్చబోతే వాళ్లతో పోట్లాటే. గుట్ట మీద మేకలు ఆకు పీక్కుంటున్నాయి. ఒక్కటంటే ఒక్కటి తలెత్తలేదు.

అమ్మ ఊపిరి కూడదీసుకుని మళ్లీ పిలిచింది.

జావ గిన్నె దించనైనా దించకుండా పరిగెత్తాను. "వచ్చేనమ్మా, ఇదిగో వచ్చేను" అంటూ.